గీత ఎక్కడ గీయాలో ఎవరు చెప్పాలి

విజయవాడ బందరు రోడ్డు పక్కన స్వరాజ్య మైదానంలో, అంటే మా తరంవాళ్ళు ఇప్పటికీ పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనే పిలిచే చోట, 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహానికి సామాజిక న్యాయ మహాశిల్పం అని పేరు పెట్టారు. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం. ఖర్చు సుమారు 400 కోట్ల రూపాయలు. సాయంత్రాలు పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చే కుటుంబాలను గమనిస్తే, నగరం నడిబొడ్డున ఆ రూపం నిలబడి ఉండడం ఎంతమందికి ధైర్యమో అర్థమవుతుంది కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అయితే అది జనం కోసం కట్టినదే తప్ప జనం కట్టుకున్నది కాదు. ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తు ఉండాలి, ఏ భంగిమలో ఉండాలి అన్న సంగతులన్నీ పైనుంచే తేలిపోయాయి. 2024 ఆగస్టులో ఆ ప్రాంగణంలో పెద్ద రగడ జరిగితే అది కూడా ఆవిష్కరించిన నాయకుడి పేరులోని అక్షరాలను ఎవరు తొలగించారన్న దాని మీదే జరిగింది. అంబేద్కర్ రాసిన రాజ్యాంగంలో ఏ అధికరణం గురించీ కాదు.

ఇక కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా దళితవాడ మొదట్లో కనిపించే సిమెంటు అంబేద్కర్ సంగతి వేరు. నీలం కోటు, ఎర్ర టై, చంకలో పుస్తకం, ముందుకు చాచిన చూపుడువేలు. చాలావరకు తెనాలి శిల్పుల దగ్గర చేయించి ట్రాక్టరు మీద తెచ్చుకుంటారు. ఆ డబ్బు మిరపకోతల కూలి నుంచి, పత్తితీత కూలి నుంచి, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాళ్ళు పంపినదాని నుంచి చందాలుగా పోగవుతుంది. విగ్రహాన్ని రోడ్డు మలుపులో పెట్టాలా, బడి దగ్గర పెట్టాలా అని నెలల తరబడి తగువు నడుస్తుంది. అవతలివాళ్ళు ఆ స్థలం తమదంటారు, పంచాయతీ తీర్మానం కావాలంటారు, ఒక్కోసారి పోలీసు పికెట్ కూడా పడుతుంది. పెట్టాక ఎవరో చెయ్యి విరగ్గొడతారేమోనని చుట్టూ ఇనుపగ్రిల్ బిగిస్తారు. ఏటా ఏప్రిల్ 14కు ముందు వాడలో కుర్రాళ్ళే నిచ్చెన వేసుకుని కోటుకు కొత్త నీలం వేస్తారు. తల పెద్దదైందనీ చేతులు పొట్టివనీ కళ తెలిసినవాళ్ళు పెదవి విరవడం నేను విన్నాను. వాళ్ళ మాటలో నిజం ఉండవచ్చు. అయినప్పటికీ సామాజిక న్యాయం కోసం జనం కలిసి చేసుకున్న కళ మన దగ్గర ఏదైనా ఉందా అని అడిగితే నేను మొదట చూపించేది ఆ గ్రిల్ లోపలి విగ్రహాన్నే. ఎందుకంటే ఏం కావాలో, ఎక్కడ కావాలో తేల్చుకున్నదీ, తేల్చుకున్నందుకు ఎదురైన చిక్కులు పడ్డదీ, ఆ తర్వాత ఏటా దాన్ని చూసుకుంటున్నదీ ఆ వాడవాళ్ళే.

ఈ కొలతతోనే ఈమధ్య మన పట్టణాల్లో కమ్యూనిటీ ఆర్ట్ పేరిట జరుగుతున్న పనుల్ని చూడాలని నా వాదన. ఫ్లైఓవర్ స్తంభాల మీద, కాలువ గట్ల మీద, బడి ప్రహరీల మీద బొమ్మలు వెలుస్తున్నాయి. వాటిలో కొన్ని అందంగానే ఉంటాయి. సాధారణంగా జరిగేది ఏమిటంటే, బొమ్మ ముందే కంప్యూటర్లో తయారై వస్తుంది, కళాకారుడు అవుట్‌లైన్ గీస్తాడు, కాలనీ పిల్లల చేతికీ ఆడవాళ్ళ చేతికీ బ్రష్షులిచ్చి ఈ గడిలో పసుపు, ఆ గడిలో ఆకుపచ్చ అని చెప్తారు, ఫోటోలు దిగుతారు, సాయంత్రానికి ఎవరి దారిన వాళ్ళు పోతారు. యాభై మంది రంగు పూశారు కాబట్టి అది యాభై మంది బొమ్మ అని రాసుకుంటారు. ఆ లెక్కన అపార్టుమెంటు కట్టిన తాపీమేస్త్రీలందరూ దాని యజమానులు కావాలి.

అలాంటి పనే ఒకటి దారి మళ్ళడం నేను దగ్గరనుంచి చూశాను. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి, గండ్లు పడి, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ మరుసటి ఏడు అటువైపు ఒక కాలనీలో పొడవాటి ప్రహరీ మీద వరద జ్ఞాపకంగా బొమ్మ వేయాలని కొందరు యువకులు పూనుకున్నారు. తెలిసినవాళ్ళు కావడంతో నేనూ వెళ్ళాను. నాకు బొమ్మలు రావు కాబట్టి పాత సున్నం గోకడం, టీలు తేవడం నా వంతు అయింది. వాళ్ళు తెచ్చిన నమూనా చూడముచ్చటగా ఉంది: మోకాళ్ళలోతు నీలం నీళ్ళు, మధ్యలో పడవ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న మనుషులు, పైన ఎగిరే పావురాలు. గోడ పని తెలిసిన మనిషి కావాలని పిలిపించిన పెద్దాయన ఒకప్పుడు ఏలూరు రోడ్డులో షాపులకు బోర్డులు రాసినవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి ఇళ్ళకు రంగులేస్తున్నాడు. నూలుదారానికి నీలిమందు పట్టించి, రెండు కొసలూ ఇద్దరి చేత పట్టించి, మధ్యలో వేలితో లాగి వదిలితే గోడ పొడవునా తిన్నని గీత పడింది. నీళ్ళ మట్టం అదేనని అనుకున్నారు.

బిందెలు పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె అక్కడినుంచే అడిగింది.

“తమ్ముడూ, నీళ్ళు మోకాళ్ళదాకానే గీశారేంటి? మా ఇంట్లో గోడ మీద మచ్చ ఇంకా పోలేదు, వచ్చి చూసుకోండి.”

“నిజమే అక్కా. కానీ అంత ఎత్తున వేస్తే బొమ్మలో మనుషులకు చోటుండదు.”

“అప్పుడు మాకు మాత్రం ఎక్కడుంది చోటు?”

ఆ తర్వాత పని ఆగిపోయింది. నలుగురు వెళ్ళి ఆమె ఇంట్లో మచ్చ చూశారు. మంచం దాటి మనిషి గొంతు దాకా ఉంది. బోర్డుల పెద్దాయన టేపుతో కొలుచుకుని వచ్చి, మొదటి గీతను తడిగుడ్డతో తుడిచేసి, కొత్త గీత ఆ ఎత్తున కొట్టాడు. దాంతో నమూనా మొత్తం తలకిందులైంది. గోడలో ముప్పావు వంతు నీళ్ళే అయ్యాయి. మనుషులందరూ పైన మిగిలిన పట్టీలోకి, అంటే డాబాల మీదికి చేరారు. రంగు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. ఆ నీళ్ళు నీలంగా లేవని, డ్రైనేజీ కలిసి నల్లగా ఉన్నాయని, పక్కనే ఉన్నవాళ్ళంతా ఒక్కసారే చెప్పారు. నీలం డబ్బాలో నలుపు, ఎరుపు స్టైనర్లు పోసి కలుపుతూ, చాలా, ఇంకా ముదురా అని వాళ్ళనే అడుగుతూ రంగు తెచ్చారు. నీళ్ళలోపల ఏముండాలన్నది ఆ వీధివాళ్ళే చెప్పుకుంటూ పోయారు: కుట్టుమిషను, గ్యాసుబండ, తిరగబడ్డ ఫ్రిజ్, ఆటో, పదో తరగతి మార్కుల లిస్టు. పావురాల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. వరద సాయంగా నీట మునిగిన గ్రౌండు ఫ్లోరు ఇళ్ళకు 25,000 రూపాయలు, పై అంతస్తులవాళ్ళకు 10,000 ప్రకటించిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ వీధిలో అద్దెకున్న కొన్ని కుటుంబాలు తమ పేర్లు జాబితాకు ఎక్కలేదని చెప్పాయి, ఆ ముక్క గోడ మీద రాయాలన్నాయి. నిర్వాహకులు భయపడ్డారు; అనుమతి రద్దవుతుందని, ప్రాయోజకులు డబ్బు ఇవ్వరని అన్నారు. వాళ్ళ భయం ఉత్తదే అని నేను అనలేను. ఒక పూట వాదనలయ్యాక, అక్షరాలు వద్దని, బొమ్మ మాత్రం ఉండాలని ఒప్పందానికి వచ్చారు. ఇప్పుడు ఆ గోడ కుడికొసన తాళం వేసిన తలుపు ముందు ఆధార్ కార్డు పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. తెలియనివాళ్ళకు అది ఎవరో అర్థం కాదు. ఆ వీధిలో మాత్రం అర్థం కానివాళ్ళు లేరు, ఇంటి ఓనర్లతో సహా.

గోడ అందంగా ఉందా అంటే, కొన్ని చోట్ల లేదు. ఫ్రిజ్ మంచం కన్నా చిన్నదిగా పడింది. నలుగురు కలిసి వేస్తే బొమ్మ చెడిపోతుందన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయడం కుదరదు. బాగోలేకపోవడమే నిజాయితీకి గుర్తు అన్నట్టు మాట్లాడేవాళ్ళతో నాకు పొత్తు లేదు. అయితే ఆ గోడ మీద ఎవరి చూపయినా ఆగేది ఆ నీటిగీత దగ్గరే, దాని సూటిదనం పనితనం తెలిసిన చేతి నుంచి వచ్చింది, దాని ఎత్తు నీళ్ళలో నిలబడ్డ మనిషి నుంచి వచ్చింది. ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఆ గీత అక్కడ ఉండేది కాదు.

అభ్యంతరం చెప్పే మనిషికి కళలోనే చోటు కల్పించడం మనకు కొత్త కాదు. బుర్రకథ కట్టడంలోనే అది ఉంది. మధ్యలో తంబుర పట్టుకున్న కథకుడు, చెరొకవైపు గుమ్మెటలు వాయించే వంతలు. ఒక వంత నవ్విస్తాడు, రెండోవంత రాజకీయం మాట్లాడతాడు. కథ ఏ పల్నాటి కాలంలోనో నడుస్తుంటే ఆపి, మరి ఇప్పటి మన ఊళ్ళో సంగతేమిటని అడగడం అతని పని. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు ప్రాణం పోశాడు. 1943లో ఏర్పడ్డ వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి పల్లెల్లోకి వెళ్ళినప్పుడు, బెంగాల్ కరువు నుంచి భూమి సమస్య దాకా జనానికి చేరింది చాలావరకు ఈ తంబుర మీదుగానే. మోటూరి ఉదయం నాయకత్వాన ఆడవాళ్ళే ఒక దళంగా బుర్రకథ చెప్పడం ఆ రోజుల్లో మామూలు సాహసం కాదు. 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది గానీ, అంతకు దశాబ్దాల ముందు ఆ ప్రదర్శనలపై మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టింది. బ్రెజిల్ దేశపు నాటక దర్శకుడు అగస్టో బోల్ ప్రేక్షకుణ్ణి వేదిక మీదికి పిలిచి కథ మార్చమన్నాడని, 1985 నుంచి బెంగాల్‌లో జనసంస్కృతి అనే బృందం ఆ పద్ధతిలో పల్లెల్లో నాటకాలాడుతున్నదని చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మన రాజకీయ వంతే. తేడా లేకపోలేదు: వంత వేసే ప్రశ్న ముందే కట్టుకున్నది, బోల్ నాటకంలో లేచి నిలబడే మనిషి ఏం చేస్తాడో నటులకు తెలియదు. ఆ ధైర్యం మన కళాజాతాలకు ఇంకా రాలేదు. రాసిచ్చిన పాట పాడి, చప్పట్లు కొట్టించుకుని వ్యాను ఎక్కేస్తారు.

మన ప్రాంతంలో జనం తమంతట తాము నిర్ణయించుకుని నిలబెట్టిన జ్ఞాపకచిహ్నాల్లో అన్నిటికన్నా బరువైనది చుండూరులో ఉంది. అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్ళో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపినప్పుడు, బతికి ఉన్నవాళ్ళు శవాలను శ్మశానానికి తీసుకుపోకుండా ఊళ్ళోనే పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో అక్కడ శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. దాన్ని కళ అనడానికి కొందరు ఒప్పుకోకపోవచ్చు. చనిపోయినవాళ్ళను ఎక్కడ పడుకోబెట్టాలి, ఆ చోటును ఏమని పిలవాలి, రోజూ ఆ దారిన పోయేవాళ్ళు ఏం చూడాలి అని ఆలోచించి చేసిన పనిని ఇంకేమనాలో నాకైతే తోచదు. కోర్టు కాగితాలు ఏం చెప్పినా, జరిగినదాని గురించి వాడ చెప్పదలచుకున్న మాట ఆ సమాధుల రూపంలో ఊరి మధ్య ఉండిపోయింది.

అమెరికాలో ఎయిడ్స్ మృతుల జ్ఞాపకంగా కుట్టిన బొంత గురించి ఇక్కడ చెప్పాలి. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 పలకలు. ఒక్కొక్కటి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఇంచుమించు మనిషిని పూడ్చే గొయ్యి అంత. చనిపోయినవాళ్ళ తల్లులు, స్నేహితులు, ప్రేమించినవాళ్ళు ఎవరికి వచ్చినట్టు వాళ్ళు కుట్టారు. కొలత ఒక్కటే అందరికీ నియమం, లోపల ఏముండాలో చెప్పే పెద్ద ఎవరూ లేరు. ఆ జబ్బు పేరెత్తడానికి పాలకులు వెనకాడుతున్న కాలంలో ఆ పలకలు పార్లమెంటు ఎదుటి మైదానంలో పరుచుకున్నాయి. నిర్వాహకులు కొలత చెప్పి పక్కకు తప్పుకోవడం ఎంత పెద్ద నిర్ణయమో మన గోడల దగ్గర నిలబడ్డాక నాకు బోధపడింది.

డబ్బు సంగతి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. లాస్ ఏంజెలెస్‌లో వరదనీటి కాలువ గోడ మీద చిత్రకారిణి జూడీ బాకా 1976లో మొదలుపెట్టి, దాదాపు అరమైలు పొడవున, వలస వచ్చినవాళ్ళ, నల్లవాళ్ళ, ఆదివాసుల చరిత్రను నాలుగు వందల మందికి పైగా కుర్రకారుతో వేయించింది. వాళ్ళలో చాలామంది పోలీసు కేసుల్లో చిక్కుకున్న పేద పిల్లలు. వాళ్ళకు వేసవి పనికి జీతం ఇచ్చారు. ఇక్కడ మాత్రం సమష్టి అన్న మాట రాగానే కూలి మాట మాయమైపోతుంది. డిజైనర్‌కు ఫీజు ఉంటుంది, వీడియో తీసినవాడికి ఉంటుంది, రంగుల షాపువాడికి ఉంటుంది. ఇళ్ళల్లో పాచిపని మానుకుని వచ్చి, తమ ఇంట్లో ఏం పోయిందో పూస గుచ్చినట్టు చెప్పిన ఆడవాళ్ళకు మాత్రం భోజనం ప్యాకెట్టు, సర్టిఫికెట్టు. నేను చెప్పిన గోడ దగ్గర కూడా మొదట అంతే జరిగింది. కుట్టుమిషను పోగొట్టుకున్నామె, “పేపర్లో ఫోటో వస్తే మా ఆయన చూసుకుంటాడు గానీ, నాకు ఇవాళ్టి కూలెవరిస్తారు?” అని నవ్వుతూనే అడిగింది. చివరికి ఇచ్చారు, ప్రాయోజకుల బోర్డుకు ఉంచిన డబ్బులోంచి తీసి ఇచ్చారు.

కులం కూడా బ్రష్షు పట్టుకునే దగ్గర కనిపిస్తుంది. గోడ కింద కాలువ పూడిక తీసినవాళ్ళు మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులు. వరద తగ్గాక కాలనీలో బురద ఎత్తింది కూడా వాళ్ళలాంటివాళ్ళే. రంగులు మొదలయ్యాక వాళ్ళు ఎదుటి అరుగు మీద కూర్చున్నారు, ఎవరూ పిలవలేదు, వాళ్ళూ అడగలేదు. బోర్డుల పెద్దాయన పిలిచాడు. వాళ్ళలో ఒకామె వచ్చి, డాబాల మీద జనం ఉన్నారు, పడవ ఉంది, బురద ఎత్తినవాళ్ళు ఎక్కడున్నారని అడిగింది. ఆ ప్రశ్న అప్పటిదాకా నాతో సహా అక్కడున్న చదువుకున్నవాళ్ళెవరికీ రాలేదు. న్యాయం కోసం వేసే బొమ్మలోనే ఒకరు కనపడకుండా పోవడానికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, పిలవాల్సినవాళ్ళ జాబితా మన పరిచయాల మేరకే తయారైతే చాలు.

ఇంతా చేసి బొమ్మ వల్ల ఎవరికి న్యాయం జరిగిందని అడిగేవాళ్ళుంటారు. అద్దెకున్నవాళ్ళ పేర్లు ఆ గోడ వల్ల జాబితాకు ఎక్కలేదు, అబద్ధమెందుకు. కానీ నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు అంత తేలిగ్గా కొట్టెయ్యరు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం కళాజాతాలతో పల్లెలకు వెళ్ళింది, రాత్రిబడుల్లో ఆడవాళ్ళు కూడారు, వాచకంలో తమ బతుకులాంటి కథే పాఠంగా ఉంది, ఆ చర్చలోంచి సారా దుకాణం మూయించాలన్న పట్టుదల పుట్టింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. పాట సారాను ఆపలేదు. రోజూ ఒకచోట కూర్చోవడానికి, ఇంటి గుట్టు బయట మాట్లాడుకోవడానికి పాటా పాఠమూ ఒక సాకు ఇచ్చాయి. మా గోడ విషయంలో జరిగింది దానితో పోల్చదగినంత పెద్దది కాదు గానీ, ఇంటి ఓనర్లూ అద్దెవాళ్ళూ సాయం డబ్బు గురించి ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నది ఆ నిచ్చెనల కిందే. ఆ తర్వాత అద్దెవాళ్ళు కలిసి అర్జీ పెట్టుకున్నారు.

గోడ మీద హక్కు శాశ్వతమని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఈ రాష్ట్రంలో పంచాయతీ కార్యాలయాలకు పార్టీ రంగులు వేయడం మీద వివాదం 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, ఆ రంగులు తీసేయాల్సి వచ్చింది. ప్రతి ఎన్నికకూ గోడలు చేతులు మారతాయి. ఆ కాలనీ బొమ్మ మీద కూడా ఒక మూల అప్పుడే ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షల పోస్టరు పడింది, ఆ వీధి కుర్రాళ్ళు చింపేశారు. వాళ్ళు చింపినంత కాలం బొమ్మ ఉంటుంది. చింపడం మానేస్తే అది పోయినా నాకు పెద్ద బాధ ఉండదు, ఎందుకంటే అప్పటికి ఆ వీధికి దాని అవసరం తీరిపోయిందన్నమాట.

ఇప్పుడు పక్క వీధివాళ్ళు తమకూ గోడ కావాలంటున్నారు. వాళ్ళకు వరద బొమ్మ అక్కర్లేదట, ఇళ్ళపట్టాల సంగతి వేయాలట. నిర్వాహకులు మళ్ళీ నమూనా తయారుచేసుకుని వస్తామన్నారు. నమూనా లేకుండా రమ్మని, ఖర్చుల కాగితంలో రంగుల కన్నా ముందు ఆ వీధివాళ్ళ రోజుకూలి రాసుకుని రమ్మని నేను వాళ్ళకు చెప్పాను. ఇంకా ఒప్పుకోలేదు.